ఆరు కండెలు

మూడున్నరకే మహిత కొత్త డ్రెస్ వేసుకుని కూర్చుంది. కూర్చున్నది మాత్రం రాట్నం ముందు, ముఖం మాడ్చుకుని.

ఐదు గంటలకు హనుమకొండలో క్లాస్‌మేట్ పుట్టినరోజు. పక్కింటి శ్యాంసుందర్ అంకుల్ పిల్లలందరినీ తన ఆటోలో తీసుకెళ్తానన్నాడు. కానీ ఆరు కండెలు చుట్టాకే గడప దాటాలని అమ్మ శోభారాణి షరతు పెట్టింది.

కండె అంటే నూలు చుట్టే చిన్న పుల్ల. దాన్ని పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి తాత బుచ్చిరాములు మగ్గం మీద జంపఖానా నేస్తాడు. మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలకు ఇది అన్నం తిన్నంత మామూలు పని. మహితకేమో రాట్నం చూస్తేనే ఒళ్లు మంట.

"ఆదివారం గూడ నాకేనా ఈ పని? తమ్ముడు ఆడుకుంటాండు."

"వానికి నాలుగేండ్లు. రాట్నమిస్తే దాని మీదెక్కి కూసుంటడు," అంది అమ్మ వంటింట్లోంచి.

నచ్చని పని చేసేటప్పుడు మంచి ఆలోచనలు చేయండి, పని తేలికవుతుందని మొన్న టీచర్ చెప్పింది. సరే, అదీ చూద్దామనుకుంది మహిత. కేకు గురించి ఆలోచించింది. చాక్లెట్ కేకు, దాని మీద చెర్రీలు. ఒక్క చెర్రీ అయినా తనకే రావాలి. టీచర్ మాట నిజమే, ఇరవై నిమిషాల్లో ఆరూ అయిపోయాయి.

"అమ్మా, అయిపోయినయ్."

చెప్పులు వేసుకుంటుంటే, ఆమె చుట్టిన కండెతో తాత నేస్తున్న మగ్గం ఆగింది. కండె మీది నూలు కుప్పగా జారి చిక్కుపడింది. తాత చిక్కు తీసి మళ్లీ మొదలుపెట్టాడు. టక్ టక్ టక్... ఆగింది. రెండో కండె పెట్టాడు. అదీ అంతే.

"ఏం జుట్టినవే ఇది?" తాత విసుక్కున్నాడు. ఆయన విసుక్కోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువగా చూడలేదు. "పొద్దుగాల చేనేత సొసైటీకి ఇయ్యాలె గీ జంపఖానా. నువ్వు పని జేసినవా, నాకు పని వెట్టినవా?"

అమ్మ వచ్చి చూసింది. "ఆరూ మల్ల జుట్టు."

"టీచర్ చెప్పినట్టే చేసిన. పాజిటివ్‌గా ఆలోచించిన."

"దేని గురించి?"

"కేకు గురించి."

అమ్మ నుదురు కొట్టుకుంది. "చెయ్యి రాట్నం మీద, పానం కేకు మీద. ఇగ దారం ఎట్ల బిగుస్తది?"

గడియారం నాలుగు దాటింది. మహితకు ఏడుపొచ్చింది. టీచర్ మీద, అమ్మ మీద, దారం మీద కోపం కూడా వచ్చింది.

తాత లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. దారాన్ని ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బిగువు తెలిసేలా నొక్కాడు.

"కండ్లు మూసుకో. ముడి వస్తే చెప్పు."

"కండ్లు మూసుకుంటే ఎట్ల కనవడ్తది?"

"వేలు జెప్తది."

రాట్నం తిరిగింది. దారం వేళ్ల మధ్య వెచ్చగా జారుతోంది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. అంతలో ఏదో చిటుక్కున తగిలింది.

"ముడి!"

కళ్లు తెరిచి చూసింది. కందిగింజంత ముడి నిజంగానే ఉంది. తాత మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండో కండెలో మూడు ముడులు దొరికాయి. మూడోదానిలో ఒక్కటీ లేదు. మహితకు అది కాస్త అన్యాయంగా అనిపించింది. కేకు సంగతి ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలియదు.

ఆరోది పూర్తయ్యేసరికి ఆటో హారన్ మోగింది.

"పో ఇగ," అంది అమ్మ.

మహిత ఒక చెప్పు వేసుకుని గడప దగ్గర ఆగింది. తాత ఆమె చుట్టిన కండెను నాడెలో పెట్టాడు. టక్ టక్ టక్ టక్...

మళ్లీ హారన్.

"ఇందాకటి నుంచి పోత పోత అని నన్ను సతాయిస్తివి. ఇప్పుడేమైంది?"

"జర ఉండమ్మా. నీ మాటల్ల మగ్గం వినవడ్తలేదు."

మగ్గం ఆగింది. మహిత ఒంటి చెప్పుతోనే మగ్గం వైపు అడుగు వేసింది. తాత కండెను బయటికి తీసి చూపించాడు. దాని మీద ఒక్క పోగు కూడా మిగల్లేదు.

"అయిపోయింది, అంతే," అన్నాడు.

మహిత రెండో చెప్పు వేసుకుని ఆటో దాకా పరిగెత్తింది. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

"తాతా, ఆఖరి కండె నేనొచ్చినంకనే పెట్టు."