మెట్ట తోటలో నీళ్ల దొంగ

మా తోటలో దొంగ పడ్డాడు. ఏమీ ఎత్తుకుపోలేదు. నీళ్లు పోసిపోయాడు.

నవ్వకండి. మాది మెట్ట తోట. బందరు నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, సరుగుడు తోపులు దాటాక, మూడెకరాల ఇసుక దిబ్బ మీద ఉంటుంది. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన కృష్ణమూర్తి గారు ఎక్కడెక్కడి నుంచో జెముళ్లూ కిత్తనారలూ తెచ్చి పెంచారు. చుట్టూ కాలవలూ చేపల చెరువులూ పెట్టుకుని మధ్యలో ఈ ఎడారి ఏమిటని జనం నవ్వారట. ఆయన వినిపించుకోలేదు. వానాకాలం మొక్కల మీద ప్లాస్టిక్ షీట్లు కప్పి మరీ కాపాడుకున్నారు.

నా పేరు దుర్గాశ్రీనివాస్. గుడివాడ వాణ్ణి. ఎమ్మెస్సీ చదివి రెండేళ్లుగా ఈ తోట చూసుకుంటున్నాను. ముళ్ల మధ్య ఉద్యోగం చేసేవాడికి పిల్లనెవరిస్తారని మా అమ్మ దిగులు.

తోటలో అరకిలోమీటరు నడక దారి ఉంది. ఎర్ర కంకర పరిచి చదును చేయించాం. ఒక్క మెట్టు లేదు, ఎత్తుపల్లాలు లేవు. నాలుగు మలుపులు, మలుపుకో బెంచీ. నాలుగో మలుపులో పెద్దాయన ఉంటాడు. పెద్దాయనంటే మనిషి కాదు, నిలువు జెముడు. ఆరడుగుల ఎత్తు, పన్నెండేళ్ల వయసు. కృష్ణమూర్తి గారు పొద్దున్నే వచ్చి మొదట ఆయన్నే పలకరిస్తారు.

మార్చిలో ఆ మలుపు దగ్గర రెండు చిన్న జెముళ్లు కుళ్లి ఒరిగిపోయాయి. ఏప్రిల్ వచ్చేసరికి పెద్దాయన మొదలు మెత్తబడింది. ఇసుక తవ్వి చూస్తే తడి. అక్కడ మేం నెలరోజులుగా చుక్క పొయ్యలేదు.

"ఎవరో రోజూ పోస్తున్నారు," అన్నారు కృష్ణమూర్తి గారు. ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టుంది ఆయన మొహం. "నెలాఖరులోగా ఎవరో తేల్చు శీనూ. తేలకపోతే ఒకటో తారీకు నుంచి గేటుకి తాళం. కాలేజీ పిల్లలు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదు."

గేటుకి తాళం పడితే తేజస్విని రాదు.

తేజస్విని బందరు కోర్టులో జూనియర్ లాయరు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వాళ్ల అమ్మమ్మ ఆనందమ్మ గారిని ఆటోలో తీసుకొచ్చింది. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ చదునైన నేల మీద నడవాలని డాక్టరు చెప్పాడట. వాళ్ల వీధి నిండా గోతులు, కాలవ గట్టు మీద జారుడు. వెతగ్గా వెతగ్గా మా దారి దొరికింది.

"ఇక్కడ నీడ ఎక్కడుందండీ?" అంది మొదటిరోజే.

"లేదండీ. ఎడారి తోట కదా."

"మరి బెంచీలెందుకు వేశారు?"

"ఎండలో కూర్చోడానికండీ."

నన్ను బోనులో నిలబెట్టినట్టు చూసింది. "ఈ మొక్కకి ఆకులేవి?"

"ఆకులే ముళ్లయ్యాయండీ. నీళ్లు పొదుపు చేసుకోడానికి."

"అంటే కష్టాల్లో పెరిగితే ముళ్లొస్తాయన్నమాట."

"కొంతమందికి కష్టాలు లేకపోయినా ఉంటాయండీ," అనేసి నాలిక కరుచుకున్నాను.

ఆమె పెదవి బిగించి మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు ఆపుకోడానికేనని నాకు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదున్నర కోసం ఎదురుచూడడం కూడా నా డ్యూటీలో చేరింది.

వాళ్ల నడకకి ఒక పద్ధతి ఉండేది. మూడో మలుపు దాకా ఇద్దరూ కలిసి నడిచేవారు. అక్కడికి రాగానే తేజస్వినికి సీనియర్ గారి ఫోన్ వచ్చేది. రేపటి కేసుల సంగతి అరగంట తక్కువ కాకుండా మాట్లాడేవాడాయన. ఈలోగా ఆనందమ్మ గారు చేతికర్ర ఊతంగా నాలుగో మలుపు చేరి, బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగేవారు.

"డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడండీ," అని తేజస్విని ఒకసారి గొప్పగా చెప్పింది. "మొదట్లో గుటకెయ్యడానికే బతిమాలించుకునేది. ఇక్కడికి వస్తున్నప్పట్నుంచీ లీటరు బాటిల్ ఖాళీ చేస్తోంది. మీ ఎడారి మహిమ."

ఎమ్మెస్సీ చదివిన నా బుర్రకి అప్పుడైనా వెలగాలి. వెలగలేదు.

ఏప్రిల్ ఇరవయ్యో తారీకు సాయంత్రం నేను నాలుగో మలుపుకి వెళ్లేసరికి పెద్దాయన పాదాల దగ్గర ఇసుక తడిగా ఉంది. బెంచీ దగ్గర తేజస్విని నిలబడి ఖాళీ బాటిల్‌కి మూత పెడుతోంది. మండే ఎండలో పది రోజులుగా దొంగ కోసం తిరుగుతున్నానేమో, నోరు నా మాట వినలేదు.

"మీరాండీ ఈ పని చేస్తోంది?"

"ఏ పని?"

"చదువుకున్నారు. బోర్డు కూడా ఉంది కదండీ, నీళ్లు పొయ్యొద్దని. మూడు మొక్కల్ని చంపారు."

వాకింగ్‌కి వచ్చినవాళ్లు నలుగురు ఆగి చూస్తున్నారు. తేజస్విని మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"నేను పొయ్యడం మీరు చూశారా?"

"బాటిల్ మీ చేతిలోనే ఉంది."

"చేతిలో బాటిల్ ఉంటే నేరమా? మా అమ్మమ్మ తాగిన బాటిల్ అది. అడిగి తెలుసుకోవాల్సింది పోయి పదిమందిలో నిలబెట్టి తీర్పు చెప్పేశారు. పద అమ్మమ్మా. రేపట్నుంచి మనం ఇక్కడికి రావద్దు."

ఆనందమ్మ గారు ఏదో అనబోయి నా వైపు చూసి ఊరుకున్నారు. కర్ర తాటించుకుంటూ మనవరాలి వెనకే వెళ్లిపోయారు.

మూడు రోజులు వాళ్లు రాలేదు. ఐదున్నర మాత్రం రోజూ వచ్చింది. పెద్దాయన మొదలంతా కుళ్లిపోవడంతో, బాగున్న పైభాగం రెండడుగులు కోసి నీడలో పెట్టాను. కత్తి వేస్తున్నప్పుడు కృష్ణమూర్తి గారు అటు తిరిగి నిలబడ్డారు. నాకు ఆయన్ని చూసినా బాధగానే ఉంది, ఖాళీ బెంచీని చూసినా బాధగానే ఉంది.

నాలుగో రోజు ఆనందమ్మ గారు ఒక్కరే ఆటో దిగారు.

"అబ్బాయ్, మా పిల్ల పొయ్యలేదయ్యా ఆ నీళ్లు," అన్నారు, బెంచీ మీద కూర్చుంటూనే. "నేను పోశాను."

"మీరా మామ్మగారూ?" అన్నాను.

"అది ఫోన్లో ఉండగా రోజూ పోసేదాన్ని. ఎండిపోయి, ఆకు లేకుండా, మోడులా నిలబడి ఉంటే ఎట్టా తాగబుద్ధేస్తుంది చెప్పు? మాది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెనలో నాకు పదిహేనేళ్లు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, నోట్లో పోసుకుంటే ఉప్పు. రెండు రోజులు నాలిక పిడచగట్టుకుపోయింది. మూడో రోజున మోపిదేవి వైపు నించి బండి మీద మంచినీళ్ల బిందెలు తోలుకొచ్చాడొక కుర్రాడు. చెంబు నా చేతికిచ్చి, తను ఎండలో నిలబడ్డాడు. ముందు మీరు తాగండి, నాకు తర్వాత అన్నాడు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"రెండేళ్ల తరవాత ఆ కుర్రాణ్ణే చేసుకున్నాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఎండిపోయేది కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదయ్యా. ఏదీ, ఆ మొక్కేది?"

చూపించక తప్పలేదు. కోసేసిన మొదలు చూడగానే ఆవిడ చేతిలోంచి కర్ర జారింది.

"నేనే చంపానా?"

"లేదండీ మామ్మగారూ. పై ముక్క బతికే ఉంది. గాయం ఆరాక నాటితే వేళ్లొస్తాయి."

"మా తేజూకి చెప్పకయ్యా. నేను తాగుతున్నానని సంబరపడుతోంది పిచ్చిది."

సరిగ్గా అప్పుడే కృష్ణమూర్తి గారు వచ్చారు. "దొంగ దొరికాడా శీనూ?"

ఆవిడ నా వైపు చూశారు. ఆ మోకాలికి ఊళ్లో ఈ దారి తప్ప ఇంకో దారి లేదు. గేటు మూతపడితే ఆవిడ నడక ఆగిపోతుంది. పేరు చెబితే ఈ వయసులో పదిమందిలో తలొంచుకోవాలి. ఆ పని ఒకసారి మనవరాలికి చేశాను, చాలు.

"నేనేనండీ," అన్నాను. "ఎండ ఎక్కువగా ఉందని పోశాను. తప్పయిపోయింది."

ఆయన కోసేసిన మొదలు వైపు ఒకసారి చూశారు. "గేటు తెరిచే ఉంటుంది. ఒకటో తారీకు నుంచి నువ్వు రానక్కర్లేదు," అని వెళ్లిపోయారు. ఆనందమ్మ గారు కర్ర వెతుక్కుని ఆటో ఎక్కారు.

మర్నాడు ఐదున్నరకి నేను ఆఫీసు గదిలో సామాను సర్దుకుంటుంటే తేజస్విని వచ్చింది. నల్లకోటు కూడా విప్పలేదు. వెనక ఆనందమ్మ గారు. నా వైపు చూడకుండా నేరుగా కృష్ణమూర్తి గారి బల్ల ముందు నిలబడింది.

"సార్, ఈయన చెప్పింది అబద్ధం. అసలు ముద్దాయిని నేను తీసుకొచ్చాను."

"ఎవరమ్మా?"

"మా అమ్మమ్మ. నేరం ఒప్పుకుంటోంది. ఉద్దేశం చంపడం కాదు, దాహం తీర్చడం. మొదటి తప్పు. వయసు అరవై నాలుగు. దయచేసి శిక్ష తగ్గించాలి." అంతవరకూ గడగడా చెప్పి, అప్పుడు నా వైపు తిరిగింది. "ఈయన్ని పంపించెయ్యకండి సార్. మొక్కని చంపేవాడైతే, మా అమ్మమ్మని కాపాడడానికి ఉద్యోగం వదులుకోడు."

ఆనందమ్మ గారు ముందుకొచ్చి ఉప్పెన సంగతి, చెంబు సంగతి రెండు ముక్కల్లో చెప్పారు. కృష్ణమూర్తి గారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

"శిక్ష వెయ్యాల్సిందే," అన్నారు చివరికి. "రేపట్నుంచి నాలుగో మలుపులో చలివేంద్రం పెడతాం. రెండు కుండలు, పైన పందిరి. సాయంత్రం పూట ఈవిడే చూసుకోవాలి. మనుషులకి ఎన్ని నీళ్లయినా పొయ్యొచ్చు. మొక్కలకి మాత్రం ఒక్క చుక్క కూడా కుదరదు. ఏమంటారు?"

"మీరు ముందు తాగాలి మరి," అన్నారు ఆనందమ్మ గారు.

"నువ్వు ఆ సామాను విప్పు," అన్నారాయన నాతో.

బయటికొచ్చాక తేజస్విని ఆగింది. "అమ్మమ్మ చెప్పకపోతే నిజంగా వెళ్లిపోయేవారా?"

"వెళ్లిపోయేవాణ్ణండీ. కానీ ఆ రోజు మిమ్మల్ని అన్న మాట తల్చుకుంటే ఇది చాలా చిన్నది. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు."

ఆమె నీడలో పెట్టిన జెముడు ముక్క వైపు చూసింది. "దీనికి నీళ్లు పొయ్యరా? ఎండిపోదూ?"

"కోసిన చోట ఆరకుండా తడి తగిలితే కుళ్లిపోతుందండీ. పదిహేను రోజులు అలా వదిలెయ్యాలి. తరవాత పొడి ఇసుకలో పెట్టి, వేళ్లొచ్చేదాకా ఓపిక పట్టాలి."

"తొందరపడితే?"

"పాడవుతుంది."

"అయితే దీన్ని నాకివ్వండి. మా ఇంట్లో పెంచుతాను. అప్పటిదాకా మీరు కూడా ఓపిక పట్టండి," అంది. కోపంగానే అంది. కానీ మర్నాడు ఐదున్నరకి ఆటో ఆగింది.

మే నెలంతా చలివేంద్రం కిటకిటలాడింది. వాకింగ్ మానేసినవాళ్లు కూడా నీళ్ల వంకతో నాలుగో మలుపు దాకా నడిచేవారు. ఆనందమ్మ గారు ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి తాగించేవారు, తనూ తాగేవారు. కోర్టు సెలవులు కావడంతో సీనియర్ గారి ఫోన్లు తగ్గాయి. ఆ అరగంటలు నా పాలిట పడ్డాయి. ఏ జెముడు పేరు చెప్పినా తేజస్విని దానికి ఒక క్లయింటు పోలిక చెప్పేది. నా పేరు చివర ఎప్పుడో గారు ఊడిపోయింది.

జూన్ పదో తారీకున కుండీ ఒళ్లో పెట్టుకుని ఆటో దిగింది. "వచ్చాయి శ్రీనివాస్. మూడు వేళ్లు. తెల్లగా ఉన్నాయి."

పాత చోటు కాక, పక్కనే ఇసుక ఎత్తుగా పోసి నాటాం. కృష్ణమూర్తి గారు చిన్నాయన అని పేరు పెట్టి, కళ్లు తుడుచుకుని, గేటు దగ్గర పనుందని వెళ్లిపోయారు. సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక సర్దుతున్నాం ఇద్దరం. మోచేయీ మోచేయీ తగిలి, ఎవరూ పక్కకి జరగలేదు.

"తేజస్వినీ, గాయం ఆరిందా?" అన్నాను.

"ఏ గాయం?"

"నేను చేసింది."

"అది ఎప్పుడో ఆరింది. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఫిబ్రవరి నుంచీ."

"ఎండలో కూర్చోడానికి బెంచీలేశామన్నప్పట్నుంచా?" అంది ఇసుక వైపే చూస్తూ. "నాకూ అప్పట్నుంచే." చెవుల దాకా ఎర్రబడింది. నాకు వాన కన్నా ముందే ఒళ్లంతా చల్లబడింది.

"ఇప్పుడు నీళ్లు పొయ్యొచ్చా?" అని అడిగింది కాసేపటికి.

"ఇప్పుడు పొయ్యొచ్చు. కొంచెం."

తేజస్విని లేచి, చలివేంద్రం దగ్గర బాటిల్ నింపి, బెంచీ మీదున్న అమ్మమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు పొయ్యి అమ్మమ్మా."

ఆనందమ్మ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. కర్ర పక్కన పెట్టి, నా భుజం పట్టుకుని వంగి, చిన్నాయన మొదలు దగ్గర ధారగా పోశారు. ఇంక చాలని నేను చెప్పకముందే తనే ఆపేశారు. సగం బాటిల్ మిగిలింది.

దాన్ని మనవరాలికి తిరిగిచ్చి, "ఇది ఎవరికివ్వాలో నీకు తెలుసుగా," అన్నారు.

మొదటి చినుకులు పడుతున్నాయి. తేజస్విని బాటిల్ నా చేతికి ఇచ్చింది.

"ముందు నువ్వు తాగు," అన్నాను. "నాకు తర్వాత."

ఆనందమ్మ గారు మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తేజస్విని రెండు గుటకలు తాగి మిగతాది నాకిచ్చింది.