పెట్రోలు ఉన్నాది

"తుక్కు కొనేవాళ్ళకి ఇక్కడ పని లేదు. ఎల్లిపో లా!"

వానలో నిలువునా తడిసి, భుజాన సంచితో గేటు ముందు నిలబడ్డ శ్రీకాంత్‌కు, చివర మలయ్ మాటల 'లా'తో సహా, దక్కిన మొదటి పలకరింపు అది.

"తుక్కు కోసం కాదండీ. మోరిస్ మైనర్ రిపేరు తెలిసినవాళ్ళు కావాలని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది మీరే కదా?"

గేటు లోపలున్న అమ్మాయి అతన్ని కళ్ళద్దాల దగ్గర నుంచి బురద బూట్ల దాకా చూసింది. "నువ్వు మెకానిక్కా?"

"సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని."

"ఇంకేటి మరి! ఈ కారుకి సాఫ్ట్‌వేర్ లేదు."

"మా మావయ్యకి అనకాపల్లిలో అంబాసిడర్ టాక్సీ ఉండేది. నా చిన్నతనం సగం దాని కిందే గడిచింది. మీ మోరిస్, మా అంబాసిడర్ దగ్గర చుట్టాలే."

ఆమె నవ్వు ఆపుకుంటూ గేటు తీసింది.

పేరు సుమిత. తాతల నాడు తోటల పనికి ఇక్కడికి వలసొచ్చిన తెలుగువాళ్ళ పిల్ల; బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో బడి పంతులమ్మ. ఆమె నాన్న దొరసామి ఎస్టేటులో గుమాస్తాగా పనిచేసి, నాలుగు నెలల కిందట పోయాడు. ఆ కారు కూతురికని రాసిపెట్టాడు. చివరి వారంలో ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి దాన్ని స్టార్ట్ చేసి సూడమ్మా" అన్నాడు. ఇప్పుడు ఎస్టేటు వాళ్ళు క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. నెల తిరిగేసరికి షెడ్డు కూడా ఉండదు.

శ్రీకాంత్ నగరంలోని బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి రెండు బస్సులు మారి అంత దూరం ఎందుకొచ్చాడో ఆమెకు చెప్పలేదు. కాంట్రాక్టు పొడిగించడం లేదని ఆఫీసులో చెప్పి పది రోజులైంది. వచ్చే నెల ఇరవై ఎనిమిదిలోగా దేశం విడిచి వెళ్ళాలి. పంపిన అప్లికేషన్లకు జవాబు లేదు. గదిలో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఈ అమ్మాయి నోటి నుంచి "ఏటి" అనే మాట వినగానే అనకాపల్లిలో నాయనమ్మ పిలిచినట్టయింది. అంతే, మళ్ళీ శనివారం కూడా వచ్చాడు. ఆ పై శనివారం కూడా.

టైర్లు చీకిపోయాయి. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. ఇంజను మాత్రం మొండిది, ప్లగ్గులు తీసి నూనె పోసి రెండు రోజులు నాననిస్తే చేత్తో తిప్పినా కదిలింది.

"స్పానర్ ఇవ్వండి."

"ఏ స్పానర్?"

"మీ చేతిలో ఉన్నది."

"నన్ను మీరు అని పిలవకు. బళ్ళో పిల్లలు గుర్తుకొస్తారు."

"సరే, టీచర్."

ఆమె గ్రీజు వేలితో అతని ముక్కు మీద చుక్క పెట్టింది. అతను తుడుచుకోలేదు. బస్సులో కూడా తుడుచుకోలేదు.

సుమిత తల్లి కమలాక్షి షెడ్డు వైపు వచ్చేది కాదు. వంటింటి కిటికీ లోంచి చూసి తలుపు వేసుకునేది. మూడో శనివారం, పెట్రోలు ట్యాంకు విప్పుతుంటే, శ్రీకాంత్ ఉండబట్టలేక అడిగాడు.

"అమ్మగారికి ఈ కారంటే అంత కోపమా?"

వాన షెడ్డు రేకుల మీద దబదబా కురుస్తోంది.

"నాకో తమ్ముడుండేవాడు. మనోజ్. నాలుగేళ్ళు. నాకప్పుడు ఏడు. జొరం ముదిరి ఫిట్స్ వచ్చినాయి. పట్టపగలు, ఇలాగే వాన. నాయన ఆడిని ఎనక సీట్లో పడుకోబెట్టినాడు. కారు స్టార్ట్ అవలేదు. తోసినాడు, ఏడిసినాడు. లారీ దొరికి ఆసుపత్రికి ఎల్లేసరికి..." ఆమె ఆగింది. "పెట్రోలు పొయ్యడం మర్సిపోయినాడని అమ్మ అన్నాది. మీటర్లో ముల్లు ఖాళీ మీద ఉన్నాది మరి. 'పెట్రోలు ఉన్నాది, ముల్లే పాడైనాది' అని నాయన ఎంత సెప్పినా ఇనలేదు. ఆ రోజే షెడ్డుకి తాళం ఏసేసి, తాళంచెవి దేవుడి గదిలో దాసేసింది. ఇరవై ఒక్కేళ్ళు. కొన్నాళ్ళకి నాయన సెప్పడమే మానేసినాడు. ఆయన పోయినాకే ఆ తాళంచెవి తీసినాను."

శ్రీకాంత్ ట్యాంకు కిందికి దించి లోపలికి టార్చి వేశాడు. అడుగున బెల్లం పాకంలా గట్టిపడ్డ పాత పెట్రోలు. గోడల మీద చుట్టూతా గోధుమరంగు చార. ముప్పావు ఎత్తున.

"సుమితా, ఇలా రా."

ఆమె వంగి చూసింది. ఆ రోజు ట్యాంకులో ముప్పావు వరకు పెట్రోలు ఉందని అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నేల మీద చతికిలబడి, ఆ కంపు కొట్టే ట్యాంకును ఒళ్ళోకి లాక్కుని, "నాయనా" అని ఏడ్చింది. శ్రీకాంత్ నూనె చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె తలే అతని భుజం వెతుక్కుంది.

నాలుగో శనివారానికి అన్నీ సిద్ధమయ్యాయి. కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ, కడిగిన ట్యాంకు. సుమిత సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పింది. ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. బానెట్ ఎత్తి వింటే పెట్రోలు పంపు నోరు మెదపడం లేదు.

మావయ్య అంబాసిడర్‌కు ఇదే రోగం. చెయ్యి దానంతటదే లేచింది. శ్రీకాంత్ స్పానర్ పిడితో పంపు మీద టక్కున ఒక్క దెబ్బ కొట్టాడు.

టిక్, టిక్, టిక్... పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అంతే! ఇంతే! లోపల కరెంటు పాయింట్లు అతుక్కుపోతాయి, ఒక్కటి తగిలిస్తే..."

కారు కిటికీలోంచి తల బయటపెట్టిన సుమిత ముఖం చూశాక నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఆ వానలో ఎవరైనా ఇలా ఒక్క దెబ్బ కొట్టి ఉంటే! నాలుక కోసుకోవాలనిపించింది.

ఆమె కారు దిగి వచ్చింది.

"ఇంతేనా?"

"సుమితా, ఆ రోజు ఇదే అని కచ్చితంగా..."

"ఇంతేనా శ్రీకాంత్?"

అతను తల వంచుకున్నాడు. "ఇదే అయ్యుంటుంది."

"నాయనకి ఇది తెలీదు. పెట్రోలు సంగతి అమ్మకి సెప్తాను. ఈ దెబ్బ సంగతి మాత్రం మన ఇద్దరి దగ్గరే ఉండిపోవాలి. అది ఇంటే అమ్మ బతకదు."

కమలాక్షిని సుమిత చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మూత తీసి టార్చి వేస్తే, కడిగిన ట్యాంకులో కూడా చార పూర్తిగా పోలేదు. ట్యాంకు దించిన రోజు తీసిన ఫొటోలు కూడా ఫోనులో చూపించింది. కమలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది, మళ్ళీ చూసింది.

"పెట్రోలు ఉన్నాదే కమలా అని నా కాళ్ళ కాడ కూసుని సెప్పినాడు. ఒక్కసారీ ఇనలేదు నాను. ఇప్పుడు ఎవరికి సెప్పను?"

తర్వాత ఆమె శ్రీకాంత్ వైపు తిరిగింది. "మరి పెట్రోలు ఉంటే ఎందుకు కదల్లేదు బాబూ?"

సుమిత అతని వైపు చూసింది.

"పాత బండ్లు ఆంటీ," అన్నాడు శ్రీకాంత్. "ఒక్కోసారి మెకానిక్‌లకే అంతు చిక్కవు. ఆయన తప్పేం లేదు. మీదీ లేదు."

కమలాక్షి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో తెలియదు. ముందు తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది. "బండి పోనీ," అంది.

సుమిత తాళంచెవి తిప్పింది, ఈసారి ఇంజను అందుకుంది; తాటినూనె తోటల మధ్య ఎస్టేటు దారిలో కారు నడిపింది. వెనక సీట్లో శ్రీకాంత్, తన పక్కనున్న ఖాళీ చోటు మీద చెయ్యి వేయకుండా, ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. కమలాక్షి దారి పొడవునా నిశ్శబ్దంగా ఏడుస్తూనే ఉంది.

సాయంత్రం బస్ స్టాపులో సుమిత అడిగింది. "వచ్చే శనివారం వస్తావా? బ్రేకులు ఇంకా గట్టిగా పట్టడం లేదు."

"రాలేను. ఆ రోజే, ఇరవై ఎనిమిదిన, విమానం టికెట్ ఉంది. ఉద్యోగం పోయింది సుమితా. మొదటిరోజు మీ గేటు ముందుకు వచ్చేనాటికే పోయింది."

ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్ళూ సెప్పలేదే?"

"మీ ఇంట్లో ఉన్న దుఃఖం చాలదా? పైన నాది కూడా ఎందుకని."

"ఏటి నువ్వు! సెప్పకుండా దిగమింగుకుంటే ఏటవుతాదో ఇవాళ కళ్ళారా సూసినావు కదా." ఆమె అతని చొక్కా పట్టుకుంది. "ఇంకా ఏటి దాసినావు? సెప్పు."

"చెప్తే ఏం లాభం? ఎప్పుడు తిరిగొస్తానో తెలీదు. అసలు రాగలనో లేదో."

"లాభం అడగలేదు. సెప్పమన్నాను."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"నువ్వంటే ఇష్టం," అన్నాడు శ్రీకాంత్. "చాలా ఇష్టం. నువ్వు లేకుండా అక్కడ ఏం చెయ్యాలో తెలీదు."

సుమిత చొక్కా వదల్లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు, ఇద్దరినీ చూశాడు, తలుపు మూసుకుని బస్సు తీసుకుపోయాడు.

"ఇన్నాను," అంది సుమిత. ఏడుస్తూనే అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాతి బస్సుకు ఇంకా గంటంపావు ఉంది.