లింగమ్మ చీనా సేమియా

తెల్లారేసరికి ముసునూరు వైపు నుంచి మామిడికాయల బండ్లు దిగాయి. వీధిలో హైమవతి భర్త గోపాలకృష్ణ కాయలు ఏరిస్తూ కేకలేస్తుంటే, వంటింట్లో హైమవతి జంతికల గొట్టంతో కుస్తీ పడుతోంది. మూడో రోజు, మూడో ప్రయత్నం. ఉడికించిన వరిపిండితో వత్తిన సేమియా ఈసారైనా ముద్దకాకుండా ఉంటే చాలు, భగవంతుడా!

పక్కగదిలో ఆమె తండ్రి వీరరాఘవయ్య మంచం మీద ఉన్నారు. జ్వరం తగ్గి వారమైనా మెతుకు ముట్టడం లేదు. తిండి ఎక్కకపోతే లాభం లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆయన అడిగింది ఒక్కటే, రంగూన్‌లో పక్కవాటా చీనావిడ చేసిపెట్టే సేమియా. ఆవిడ పేరు లిన్. అక్కడి తెలుగువాళ్ళంతా లింగమ్మ చేసేశారు. బాంబులు పడ్డప్పుడు ఆ ఊరు వదిలి అడవిదారిన నడిచి వచ్చారు తండ్రీకూతుళ్ళు. అమ్మ దారిలోనే పోయింది. అదంతా జరిగి ఆరేళ్ళు. ఇప్పుడా రుచి కావాలంటే హైమ ఎక్కణ్ణుంచి తేగలదు?

మొదటిరోజు చింతపండు పులుసు పట్టించింది. "ఇది పులిహోరమ్మా" అని పళ్ళెం నెట్టేశారు. రెండోరోజు లింగమ్మ వాడే నల్లటి సోయా రసం బదులు బెల్లం మాడ్చి ఉప్పు కలిపింది. అంతా బాగానే ఉంది, ఆఖరున చెయ్యి ఊరుకోక ఆవాలు, ఇంగువ తిరగమోత పెట్టేసింది! ఆ వాసనకే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. తన చేతుల్ని తనే కొట్టుకోవాలనిపించింది హైమకి.

"ఏంటమ్మా ఈ చీనా కూడు?" అత్తగారు కామేశ్వరమ్మ గొంతు గుమ్మంలోంచి ఖంగుమంది. ఆవిడ తడిబట్టతో మడి కట్టుకుని, మొన్న ఉప్పేసి జాడీల్లో ఊరబెట్టిన మాగాయ ముక్కలు పిండుతున్నారు. ఆ జాడీల దగ్గరికి ఎవరూ రాకూడదు, ఆవిడ ఎవరినీ తాకకూడదు. "నేను మడితో ఉండగానే నా పొయ్యి మీద ఈ భాగోతమా?"

"నాన్న తింటారేమోనని అత్తయ్యా. మాంసం గీంసం ఏం లేదు. లింగమ్మత్త మాకు వేరే గిన్నెలోనే చేసేది."

"చేసేదిలే! అన్నయ్యగారికి పప్పన్నం పనికిరాదా?"

హైమ పళ్ళు బిగబట్టి, పోపుడబ్బా వైపు చూడకుండా పళ్ళెం పట్టుకెళ్ళింది. వీరరాఘవయ్య ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చెయ్యి దించేశారు.

"ఇది కాదమ్మా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"కాదు, కాదు, కాదు! మూడురోజులుగా ఇదే మాట! నూజివీడులో రంగూన్ ఎక్కణ్ణుంచి తేను నాన్నా? అమ్మని అడవిలో వదిలేసి వచ్చాం. మిమ్మల్ని నా ఇంట్లో, నా కళ్ళముందు పోగొట్టుకోమంటారా?"

ఆ కేకకి కామేశ్వరమ్మ గది గుమ్మంలోకి వచ్చారు. వీరరాఘవయ్య పళ్ళెంలో సేమియాని వేలితో కదిపారు.

"లింగమ్మ మొదటిసారి తెచ్చినప్పుడు నాకూ నచ్చలేదే" అన్నారు మెల్లగా. "అప్పుడు మీ అమ్మ, ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన మాగాయ ఊట రెండు చెంచాలు పోసింది. లింగమ్మ రుచి చూసి, ఇది మా అమ్మ వంట కాదని ఒకటే ఏడుపు. ఏడ్చి ఏడ్చి, ఇంకో పళ్ళెం పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ అలాగే చేసేది. ఇన్నాళ్ళూ మర్చేపోయాను."

"అంటే నాన్నా, మీరు అడుగుతున్నది అమ్మ చేతి రుచినా?"

ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు.

కామేశ్వరమ్మ గిరుక్కున లోపలికి వెళ్ళారు. జాడీలోంచి గరిటెడు ఊట తెచ్చి, ఎంగిలి పళ్ళెమని కూడా చూడకుండా సేమియా మీద పోసి, తన చేత్తోనే కలిపారు. తడిచీర మంచానికి తగిలింది.

"అయ్యో, మడి పోయింది అత్తయ్యా!"

"పోతే మళ్ళీ తడుపుకుంటాను. నువ్వు ఊరుకో. తినండి అన్నయ్యగారూ. బాగుండకపోతే నన్ను తిట్టండి, పిల్లని కాదు."

ఆయన ఒక ముద్ద తిన్నారు. ఇంకోటి తిన్నారు. చూస్తుండగానే పళ్ళెం ఖాళీ అయింది.

"ఇది మీ అమ్మది కాదు" అన్నారు.

హైమ పళ్ళెం అందుకోబోయింది. వీరరాఘవయ్య కళ్ళు తుడుచుకుని, ఖాళీ పళ్ళెం కామేశ్వరమ్మ ముందుకు చాచారు.

"ఇంకాస్త పెట్టు చెల్లెమ్మా."