కుడికి తిప్పు!

"కుడికి తిప్పు!"

ఎవరూ అనలేదు. ఆటో నడుపుతున్న యాదలక్ష్మికి మాత్రం వినిపించింది.

డొక్కలో ఎవరో కొంగు పట్టి లాగినట్టు ఒక గుంజుడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీకటి పడుతోంది. మెట్రో కింద ట్రాఫిక్ జామ్. వెనక సీట్లో ఒకడు. వాడి భుజం మీద నిద్రపోతున్న పాప. ఎల్బీనగర్ పోవాలన్నాడు. ఎల్బీనగర్ అంటే నేరుగా పోవాలి.

కుడికెందుకు?

ఆమె అడగదు. అడగడం మానేసి చాలా రోజులైంది.

పోయిన బోనాలప్పుడు కూతురు అఖిల జ్వరంతో ఆమె చేతుల్లోనే పోయింది. అప్పటినుంచి యాదలక్ష్మికి ఏడుపు రాదు. ఆకలి వేయదు. సైలెన్సర్ తగిలి కాలు బొబ్బలెక్కినా తెలియదు. మనిషంతా మొద్దుబారిపోయింది. మిగిలింది ఈ గుంజుడు ఒక్కటే. మొన్న ఇలాగే లాగితే సైదాబాద్ సందులోకి పోయింది... మురికి నాలాలో పడి మూలుగుతున్న ముసలాయన దొరికాడు!

"కర్మన్‌ఘాట్ హనుమంతుడే నీకు చెప్తున్నడే," అంటుంది అత్త.

దేవుడో, పిచ్చో. లాగినప్పుడు పోవడమే ఆమె పని.

అద్దంలో చూస్తుంది.

పాపకు గుండు. కొత్త గుండు. చందనం పూయలేదు. అక్కడక్కడా గాట్లు. ఇన్ని హారన్లు మోగుతున్నా పాప కదలదు!

"పుట్టెంట్రుకలా అన్నా?"

"ఆ. గుట్టకు పోయి మొక్కు తీర్చుకొని వస్తున్నం."

"ఎవరి ఒళ్లె కూసోబెట్టి తీయించిన్రు?"

"ఎవరి ఒళ్లె ఏంది? నా ఒళ్లెనే. నా బిడ్డ!"

పుట్టువెంట్రుకలంటే మేనమామ ఒడి. మామ అలిగితే కాళ్లావేళ్లా పడి తెచ్చుకుంటారు. మామే లేకపోతే ఆ వరసవాణ్ణి వెతుకుతారు. తండ్రి ఒళ్లో ఎవరూ కూర్చోబెట్టరు. బిడ్డను కన్నవాడికి ఆమాత్రం తెలియదా?

వీడు తండ్రి కాదు!

ఆటోను కుడికి తిప్పి సరూర్‌నగర్ రోడ్డులోకి దూరుతుంది.

"ఏయ్! ఎటు పోతున్నవ్?"

"జామ్ ఉందన్నా. షార్ట్‌కట్."

"నాకు ఎర్క లేదా రూటు? ఆపు!"

మెడకు ఇనుము ఆనుతుంది. పిస్టల్!

భయం రావాలి. రాదు. తన ప్రాణం మీద ఆమెకు ఆశ ఎప్పుడో పోయింది. కానీ పాప? ఆపితే పాపను తీసుకుని మాయమైపోతాడు. ఇక కన్నతల్లికి దొరకదు.

ఆపాలా? పోవాలా?

డొక్కలో మళ్లీ గుంజుడు... పో!

ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పేస్తుంది.

"కాల్చేస్త! చెప్తున్న!"

"కాల్చు. గీ స్పీడ్ల ఆటో పల్టీ కొడ్తది. నువ్వు గూడ సస్తవ్."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. వాడికే చెమట పడుతోంది.

ఒక మలుపు. ఇంకో మలుపు.

గంటలు! లైట్లు! రోడ్డు నిండా జనం!

కర్మన్‌ఘాట్ గుడి. ఇవాళ మంగళవారం, హనుమంతుడి రోజు... ఆమెకు ఆ సంగతే గుర్తు లేదు!

బ్రేక్!

వాడి తల రాడ్డుకు కొట్టుకుంటుంది. యాదలక్ష్మి దూకి, పాపను లాగి గుండెకు హత్తుకుంటుంది.

"పిల్లల దొంగ! పట్టుకోన్రి!"

ఢాం!

జనం చెల్లాచెదురు... మరుక్షణం వాడి మీదే పడతారు. పిస్టల్ ఎగిరి చెప్పుల కుప్పలో పడుతుంది. బందోబస్తు కానిస్టేబుల్ వాడి వీపు మీద మోకాలు పెట్టి తొక్కుతాడు.

యాదలక్ష్మి కిందికి చూస్తుంది.

పాప గౌను ఎర్రగా తడిసింది!

ఇన్నాళ్లూ రాని భయం ఇప్పుడు వస్తుంది. మళ్లీనా? మళ్లీ నా చేతుల్లోనేనా?

"పాపా! కండ్లు తెరువు! బిడ్డా!"

గుండు తడుముతుంది. వీపు తడుముతుంది. కడుపు తడుముతుంది. గాయం లేదు. పాప మత్తుగా కళ్లు తెరిచి, "అమ్మ ఏదీ?" అని ఏడుపు అందుకుంటుంది.

మరి నెత్తురు?

గుడి ముందు పూలమ్మే అండాలమ్మ పరుగెత్తుకొస్తుంది.

"నెత్తురు నీదే పిల్లా! భుజం సూస్కో!"

జాకెట్ చిరిగి, భుజం నుంచి నెత్తురు ధారగా కారుతోంది. మెల్లగా మంట మొదలవుతుంది. భుజం నుంచి మెడకు... మెడ నుంచి గుండెకు పాకుతుంది. యాదలక్ష్మి భోరుమంటుంది. అఖిల పోయిననాడు రాని ఏడుపంతా ఇప్పుడు వస్తుంది.

"ఏడ నొస్తుందే బిడ్డా?" అండాలమ్మ అడుగుతుంది.

పాపను ఇంకా గట్టిగా పట్టుకుని, ఏడుస్తూనే నవ్వుతుంది యాదలక్ష్మి.

"నొస్తుందవ్వా... మస్తు నొస్తుంది!"