గొంతులో సన్నటి దారి

పొద్దున్నే చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఆశీర్వాదం మళ్లీ కునికాడు. చాయ్ లుంగీ మీద ఒలికింది. బెల్లంపల్లి గనిలో పనిచేసే మనిషి, రాత్రి డ్యూటీ కూడా కాదు. భార్య ఆనందమ్మ దగ్గరికి వచ్చి అతని నోరు వాసన చూసింది. ఏ వాసనా రాలేదు. అయినా నమ్మలేదు.

"ఎక్కడ తాగొస్తున్నవ్?"

"బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పిన గద, ముట్టలే అని."

పనిలో నిద్రపోతున్నాడని గనిలో మాట పడ్డాడు. చర్చిలో ప్రసంగం నడుమ గురక పెడితే పిల్లలు నవ్వారు. ఆ ఆదివారం ఆనందమ్మ లేచి, తన పెనిమిటి తాగుడు మానేటట్టు అందరూ ప్రార్థన చెయ్యాలని ఏడుస్తూ అడిగింది. తలలన్నీ మగవాళ్ల వైపు తిరిగాయి. ఆశీర్వాదం లేచి, ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు ఒప్పుకున్నాడనే ఆమె అనుకుంది.

తర్వాత గని డాక్టరు అతన్ని కరీంనగర్‌లో గొంతు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆనందమ్మ కూడా వెంట వెళ్లింది. ఆయన మెడకు పక్కనుంచి ఎక్స్‌రేలు రాశాడు, కూర్చోబెట్టి ఒకటి, పడుకోబెట్టి ఒకటి. ఎక్స్‌రే కోసం చొక్కా విప్పితే అతని జబ్బల లోపలి వైపు నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి.

"గవేంది?" అంది ఆనందమ్మ.

"చర్చిల నిద్ర రావద్దని గిచ్చుకున్న."

ఎక్స్‌రేలు వచ్చాక డాక్టరు రెండు ఫిల్ములనూ వెలుతురుకు పట్టాడు. "నాలుక వెనక ఈ నల్లటి చార చూడమ్మా, గాలి పోయే దారి. పడుకుంటే ఎంత సన్నబడిందో చూడు. నిద్రలో అదీ మూసుకుపోతున్నట్టుంది. ఊపిరాడక రాత్రంతా ఉలిక్కిపడి లేస్తుంటాడు. ఇక పగలు కునకడా మరి?" రాత్రి నిద్రను పరీక్ష చేయించడానికి హైదరాబాదు వెళ్లమన్నాడు.

ఆనందమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

"గా దినం అందరి ముంగట తాగలేదని ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను అబద్ధాలదాన్ని చేసినట్టు కాదా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

మరుసటి ఆదివారం పాస్టరు బైబిల్ తెరవకముందే ఆనందమ్మ లేచింది.

"నా పెనిమిటి తాగలే. ఆయనది గొంతు రోగం. తాగుతుండని మీ ముంగట ఆయన ఇజ్జత్ తీసింది నేను. ఇగ నా కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

కూర్చోవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు. ఆశీర్వాదం మగవాళ్ల వరుస దాటి ఆడవాళ్ల చాప మీదికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తానూ పక్కనే కూర్చున్నాడు.