చేదు లేని గోలీ

సంగారెడ్డి బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణం పై అంతస్తులో అరుణాదేవి డిటెక్టివ్ ఆఫీసు. అక్కడికి వచ్చేవాళ్లలో సగంమంది పెళ్లి సంబంధాల ఆరా కోసమే వస్తారు. అందుకే ఆ వానపూట తడిసిన కొంగుతో లోపలికి వచ్చిన అమ్మాయికి అసిస్టెంటు విఘ్నేశ్వర్ కుర్చీ చూపించి, అలవాటుగా "అబ్బాయిది ఏ ఊరమ్మా?" అన్నాడు.

"అబ్బాయి కాదు. నా పెనిమిటి. సంపిన్రు," అంది ఆమె.

విఘ్నేశ్వర్ నాలుక కరుచుకున్నాడు.

ఆమె పేరు నిషిత, ఉండేది పోతిరెడ్డిపల్లిలో. భర్త చంద్రకాంత్‌కు పటాన్‌చెరులోని ఒక షెడ్డులో వాటా ఉంది. ఇటుకల మిషన్లు తయారుచేయడం, మందుల కంపెనీల పాత గోలీల మిషన్లు బాగుచేయడం వాళ్ల పని. మధ్య ఆఫ్రికాలో బాంగీ అనే రాజధాని నగరానికి ఇటుకల మిషను బిగించడానికి వెళ్లిన చంద్రకాంత్ మలేరియాతో అక్కడే పోయాడు. పెట్టెలో శవం వచ్చింది, దహనం కూడా అయిపోయింది.

"దోమ కుడితే జ్వరమొస్తది. హత్య అంటవేంది బిడ్డా?" అని అడిగింది అరుణాదేవి.

"జ్వరం రాకుండ వారానికో గోలీ ఏసుకున్నడు మేడం. నేనే కొనుక్కొచ్చి డబ్బాల పోసిచ్చిన. గవి ఎవరో మార్చిన్రు. మా మరిది యాదగిరి గోలీల కంపెనీల పనిచేస్తడు. కర్దనూర్ పొలం పంపకాల కాడ అన్నదమ్ములకు మాటల్లేవు. వాడు కాకుంటే ఇంకెవరు?"

"పోలీసులకు చెప్పినవా?"

"మా అత్త మొగులమ్మ కాళ్లు పట్టుకున్నది. ఒక కొడుకు పోయిండు, ఇంకో కొడుకును జైలుకు పంపకు అంటది. నిజం తెల్వకుండ ఆ ఇంట్ల నేనుండలేను. వాడే అయితే చెప్పుండ్రి. కాకుంటే అదన్న చెప్పుండ్రి."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, చంద్రకాంత్ బాంగీ నుంచి పంపిన వాయిస్ మెసేజీలు వినిపించింది. చనిపోయిన మనిషి గొంతు అంత హుషారుగా ఉండటం విఘ్నేశ్వర్‌కు భరించరానిదిగా తోచింది.

"నిషితా, ఈడి వాన మనకాడి లెక్క కాదే. రేకుల మీద కంకర పోసినట్టే కొడ్తది. రోడ్లన్నీ ఎర్ర బురద. ఒక్క బండి మీద నలుగురెక్కి పోతున్నరు. నది పొంగి ఒడ్డు మీదికొచ్చింది. అవతల వేరే దేశమంట, మబ్బుల కనిపిస్తలేదు. మిషను ఇంకా పెట్టెలనే ఉన్నది. మిషను కొన్న ఈ సేటేమో వానలు పోయినంక రమ్మన్న గద అంటుండు."

తర్వాతి దాంట్లో నవ్వు వినిపించింది. "గోలీ ఏసుకున్న. గీసారి చేదే లేదే! బెల్లం అక్కర పడలే. అమ్మకు చెప్పు."

"బెల్లం ఎందుకు?" అంది అరుణాదేవి.

"వాళ్లింట్ల ఎవ్వరు గోలీ మింగరు మేడం. దంచి, బెల్లంల కలిపి నములుతరు. ప్రయాణం పొద్దున మొదటి గోలీ ఇంట్లనే నమిలిండు. చేదుకు మొఖమంత వంకరపోయింది."

"ఆ పొద్దున యాదగిరి వచ్చిండా?"

"లేదు. మా గడప తొక్కక చాన్నాళ్లాయె."

"విమానం కాడికి ఎవరు తీస్కపోయిన్రు?"

"పార్ట్‌నర్ దుర్గాప్రసాద్ అన్న. షెడ్డు కాడ ఆగి, ఆయన బట్టల పెట్టె తెరిచి మిషను సామాన్లు సర్దిన్రంట."

బాంగీ నుంచి తిరిగొచ్చిన చంద్రకాంత్ బట్టల పెట్టెలోని గోలీల డబ్బాను నిషిత సంచిలోంచి తీసింది. అరుణాదేవి ఒక గోలీని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. అంచు మీద ఒకచోట చిన్న నొక్కు. మరో గోలీ తీస్తే దానికీ అక్కడే నొక్కు. తర్వాత కొంచెం గీకి నాలుక మీద వేసుకుంది. విఘ్నేశ్వర్ గబగబా నీళ్ల గ్లాసు అందించాడు.

"సప్పగుంది," అని ఆమె డబ్బాను ల్యాబుకు పంపింది.

మర్నాడు ఇద్దరూ పటాన్‌చెరు బయల్దేరారు. కర్దనూర్ దగ్గర ఇటుక బట్టీలన్నీ టార్పాలిన్లు కప్పుకుని పడున్నాయి.

"వానకాలం ఇటుకలు ఎండవు గదా మేడం," అన్నాడు విఘ్నేశ్వర్.

"బాంగీల మాత్రం ఎండుతయా?" అందామె.

దుర్గాప్రసాద్ వ్యాపారంలో పుట్టి పెరిగిన మనిషి, మర్యాదకు లోటు లేదు. నుదుట కుంకుమ, చేతిలో చాయ్. తలనొప్పని చెప్పి, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక గోలీ నోట్లో వేసుకుని నీళ్లతో గుటుక్కున మింగాడు.

"చంద్రకాంత్ నాకు తమ్ముడసొంటోడు మేడం."

"మరి గంత వానల ఎందుకు పంపిన్రు?"

"ఆ సేటు జల్దీ జల్దీ అని సతాయించిండు. ఏం జేస్తం?"

షెడ్డు మూలన ఒక పాత గోలీల మిషను టకటకమని తిరుగుతోంది. దాని కింద రేకు డబ్బా నిండా తెల్లటి గోలీలు. ఇవేమిటని విఘ్నేశ్వర్ అడిగితే అక్కడి పనాయన నవ్వాడు.

"ఉత్త గంజిపొడి సార్. అచ్చు సక్కగ పడ్తుందా లేదా అని కొట్టి చూస్తం."

అరుణాదేవి ఒక గుప్పెడు తీసి సంచిలో వేసుకుంది. "ముగ్గుకు పనికొస్తయి," అంది.

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. పనాయన గొంతు తగ్గించాడు. "నాగయ్య. ఇటుకల ప్రెస్సుల పడి పోయిండు. మనిషి పడకుండ అడ్డముండే జాలీ ఎవరు తీపిచ్చిన్రో ఎంక్వయిరీల చెప్త అన్నడు చంద్రకాంత్ సార్. అంతల విమానం ఎక్కిచ్చిన్రు."

ల్యాబు నుంచి జవాబు వచ్చిన రోజున అరుణాదేవి అందరినీ పోతిరెడ్డిపల్లి ఇంట్లో కూర్చోబెట్టింది. మొగులమ్మ గోడకు ఆనుకుని ఉంది. దుర్గాప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. యాదగిరిని లోపలికి రమ్మని నిషిత అనలేదు. అతను చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. గుమ్మం పక్కన మఫ్టీలో ఒక ఎస్సై ఉన్నాడు.

"డబ్బాల ఉన్నది మందు కాదు, గంజిపొడి," అంటూ మొదలుపెట్టింది అరుణాదేవి. "ప్రయాణం పొద్దున చంద్రకాంత్ నమిలిన గోలీ చేదు. బాంగీల నమిలింది సప్పన. అంటే ఇల్లు దాటినంకనే మారినయి. యాదగిరి ఆ డబ్బాను చూసింది లేదు, ముట్టింది లేదు. పైగా ఈ ఇంట్ల పెరిగినోడికి అన్న గోలీ నములుతడని తెలుసు. సప్పటిది పెడితే నాలుకకు దొరికిపోతడు. నీళ్లతోని మింగే మనిషికే ఆ సంగతి తోచదు."

దుర్గాప్రసాద్ చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టాడు.

"షెడ్డు కాడ పెట్టె తెరిచింది నువ్వు. సేటు తొందరపెట్టిండని అబద్ధం చెప్పింది నువ్వు. వానలు పోయినంకనే రమ్మన్నడంట, నేను ఫోన్‌ల అడిగిన. ఇగ ఇవి చూడు." ఆమె డబ్బాలోని గోలీలను, షెడ్డులో తీసుకున్న గోలీలను పక్కపక్కన పేర్చింది. అన్నిటికీ అంచు మీద ఒకే చోట ఒకే నొక్కు. "మీ మిషను అచ్చు అరిగింది. నాగయ్య పడ్డ ప్రెస్సుకు జాలీ తీపిచ్చింది నువ్వేనని చంద్రకాంత్ ఎంక్వయిరీల చెప్తడని భయపడ్డవు."

"గోలీలు మారిస్తే మనుషులు సస్తరా? ఆ దోమను నేను పంపిన్నా?" దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

"దోమను పంపలే. దోమలున్న కాడికి, వానలున్న దినాలల్ల, చేతుల మందు లేకుండ మనిషిని పంపినవు."

"నోరు మూసుకుంటే అయిపోతుండె," అన్నాడతను నేల చూస్తూ. "ఎంత చెప్పినా ఇనలే."

ఎస్సై అతన్ని తీసుకుపోయాడు. మొగులమ్మ లేచి బయటికి చేయి చాపింది. "లోపలికి రా బిడ్డా."

యాదగిరి వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. నిషిత అతని మొహం చూడలేకపోయింది. "తప్పయింది యాదగిరీ," అంది.

"అది ఇడిసిపెట్టు వదినా. అన్న గొంతు ఒక్కసారి ఇనిపియ్యి."

ఆమె ఫోన్ పెట్టింది. వాన, ఎర్ర బురద, పొంగిన నది. తర్వాత నవ్వు. గీసారి చేదే లేదే!

యాదగిరి తలెత్తాడు. "ఇదెప్పుడొచ్చింది?"

"జ్వరం రాకముందు. చాన దినాల ముందు."

"నాకెందుకు ఇనిపియ్యలే వదినా? చేదు లేకుండ ఆ గోలీ ఉండదు. మా కంపెనీల నేను రోజు మిషను మీద కొట్టేటియే. ఈ ఒక్క మాట ఇంటే గా పూటనే ఫోన్ చేస్తుంటి. వేరే మందు కొనుక్కో అన్నా అంటుంటి."

ఫోన్ తనంతట తానే తర్వాతి మెసేజీకి పోయింది. అది నిషిత పంపిన జవాబు. ఆమె గొంతు నవ్వుతూ, "చేదు లేకుంటే మంచిదే గద! మీ తమ్మునికి చెప్పకు, వాళ్ల కంపెనీది కాదని ఏడుస్తడు," అంటోంది.

నిషిత కొంగు నోట్లో కుక్కుకుంది. విఘ్నేశ్వర్ లేచి ఫోన్ ఆపేశాడు.