ఒక తీగకు ఒకే కాయ

చింతమడక దారిలో లక్ష్మీరాజం ఇంటి పెరట్లో కాసే గుమ్మడికాయలు మామూలు కాయలు కావు. ఒక్కో కాయను కదపడానికి నలుగురు మగవాళ్లూ ఒక జత ఎడ్లూ కావాలి. ఒక ఏడాది కాయ దొర్లి, దడి విరగ్గొట్టుకుని రోడ్డు మీద పడితే సిద్దిపేట బస్సు పూటంతా ఆగిపోయిందని చెప్పుకుంటారు. ఇందులో తగ్గించి చెప్పిందే తప్ప పెంచింది లేదు.

ఆ కాయల వెనకున్న చెయ్యి లక్ష్మీరాజం తల్లి నర్సమ్మది. ఆమె తీగను బిడ్డలా సాకేది కాదు, కోడల్ని పెట్టినట్టు అదుపులో పెట్టేది. కొస ఎటు పాకాలో ఆమే చెప్పాలి, పంగల పుల్ల గుచ్చి మరీ తిప్పేది. కణుపు కణుపుకూ మట్టి కప్పి అక్కడ కూడా వేరు పట్టించేది. పక్కల నుంచి తన్నుకొచ్చే పిల్లతీగల్ని గిల్లి పారేసేది. కత్తి ముట్టేది కాదు. అంతా బొటనవేలి గోరే. ఆ గోటితో మేకతోలైనా ఒలిచేదని ఊళ్లో అనేవాళ్లు. పిందెలు ఎన్ని పడ్డా ఒక్కటే ఉంచేది. తీసెయ్యాల్సిన పిందె తొడిమ మీద ముందురోజే గోటితో చిన్న గాటు పెట్టేది. ఒక తీగకు ఒకే కాయ, అంతే.

ఎండాకాలంలో నర్సమ్మ పోయింది. వానలు పడగానే గింజ పెట్టింది ఆమె కోడలు విజయమ్మ.

ఆ వానాకాలమే విజయమ్మ కూతురు స్వరూప కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ చూసి లోపల ఇద్దరున్నారని చెప్పింది. ఆ రోజు నుంచి విజయమ్మకు తిన్నది ఒంటబట్టలేదు. ఇద్దరూ దక్కాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే తీగ మీద పక్కపక్క కణుపులకు రెండు పిందెలు నిలిచాయి. అత్త లెక్కన ఒకటి తీసెయ్యాలి. విజయమ్మకు చెయ్యి రాలేదు. ఇవి రెండూ నిలిస్తే అవి రెండూ నిలుస్తాయని మనసులో ముడేసుకుంది. మొగుడు నవ్వాడు. వాడకట్టులో ఆడవాళ్లు నవ్వలేదు. పిందెల వైపు మాత్రం వేలెత్తవద్దని చెప్పి పోయారు. వేలు పెట్టి చూపితే ఎంతటి పిందైనా కుళ్లి రాలుతుంది. చూపక తప్పకపోతే పిడికిలి బిగించి చూపాలి.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే చూస్తే పిల్లతీగలన్నీ గిల్లేసి ఉన్నాయి. ఎవరో కణుపులకు తడిమట్టి కప్పి, చేత్తో అద్ది పోయారు. పందికొక్కుల పనేనన్నాడు లక్ష్మీరాజం. పందికొక్కులు మట్టి అద్దడం ఏ బడిలో నేర్చుకున్నాయని విజయమ్మ అడిగింది. ఆమె అనుమానమంతా దడి అవతలి ఆబిదా మీద. గుమ్మడి చిగురు కూరంటే ఆబిదా ఇంట్లో పెళ్లి భోజనంతో సమానం.

విజయమ్మ పెరడంతా మట్టి చదును చేసి, అడుగు పడితే తెలిసేలా పొడి బూడిద చల్లింది. తెల్లారి చూస్తే మళ్లీ గిల్లి ఉంది. బూడిద మీద పిచ్చుక కాలి గుర్తు కూడా లేదు. తీగ కొస ముందురోజు తూర్పుకు ఉండేది, ఇప్పుడు ఇంటివైపు తిరిగి ఉంది. స్వరూప పడుకునే గది కిటికీ అటువైపే.

దడి దగ్గర నిలబడి అడిగితే ఆబిదా కోపానికి రాలేదు. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి రెండు చేతులూ చాపింది.

"చూడు విజయక్కా. బీడీలు చుట్టి చుట్టి మొండిగైనయ్ గోర్లు. గీటితోని చింతగింజ సుత ఊడి రాదు."

తర్వాత గొంతు తగ్గించింది.

"పొద్దుగూకే యాళ్ల మీ పెరట్ల చుట్ట వాసనొస్తది. లక్ష్మీరాజమన్న తాగుతుండేమో అనుకున్న."

లక్ష్మీరాజం చుట్ట తాగడు. ఆ ఇంట్లో చుట్ట తాగింది ఒక్కరే.

విజయమ్మ గబగబా పిందెల దగ్గరికి పోయింది. ఒకదాని తొడిమ మీద నెలవంకలా సన్నటి గాటు... ఇంకా జిగురు కారుతూ ఉంది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. స్వరూప నడుము నొప్పని మంచం మీద ఒరిగి, దీపాల వేళ పడుకోవద్దని తల్లి అంటుండగానే నిద్రపోయింది. లక్ష్మీరాజం ఇంకా పొలం నుంచి రాలేదు. విజయమ్మ గొంగడి కప్పుకుని పిందెల పక్కన, కిటికీ కింద కూర్చుంది.

వాన చినుకులు పెద్ద పెద్ద ఆకుల మీద పడుతున్నాయి. తడి నూగు వాసన. దాని కింద నుంచి మెల్లగా ఇంకో వాసన... చుట్ట.

తప్. కాసేపాగి మళ్లీ తప్.

మట్టి అద్దుతున్న చప్పుడు. ఒక కణుపు దగ్గర. తర్వాత దాని పక్క కణుపు దగ్గర. మనిషి లేదు. మట్టి మాత్రం అణుగుతోంది, దాని మీద ఐదు వేళ్ల గుర్తులు పడుతున్నాయి. తీగ కొస నేల మీద నుంచి తలెత్తింది... కిటికీ చువ్వ పట్టుకుంది.

చప్పుడు పిందెల దగ్గరికొచ్చి ఆగింది.

విజయమ్మ "అత్తా... ఉండనియ్యి," అంది.

జవాబు కిటికీలోంచి వచ్చింది. అది స్వరూప గొంతే, నిద్రలో ఉన్న గొంతు. కానీ స్వరూప తల్లిని ఏనాడూ అలా పిలవలేదు.

"ఏది ఉంచాల్నో నువ్వే చెప్పు, కోడలా."

విజయమ్మ తల అడ్డంగా ఊపింది. రెండూ అని చెప్పాలి. నాలుక లేవలేదు. చెయ్యి లేచింది. రెండు వేళ్లు ఎత్తి చూపింది. రెండూ... రెండూ...

చూపిన వేళ్లు ఎటున్నాయో అప్పుడు చూసుకుంది. చెరో పిందెకు ఎదురుగా ఉన్నాయి.

లోపల స్వరూప సన్నగా నవ్వింది, నిద్రలోనే.

తెల్లారేసరికి పిందెలు రెండూ నల్లబడి, ముట్టుకుంటే వేలు దిగేంత మెత్తబడ్డాయి. విజయమ్మ తీగను వేళ్లతో సహా పెరికి, కిరోసిన్ పోసి కాల్చింది. స్వరూపను దవాఖానలోనే ఉంచి, కాన్పయ్యే దాకా మంచం కాళ్ల దగ్గర కూర్చుంది. ఏ దేవుణ్ణీ మొక్కకుండా వదల్లేదు. ఆబిదా చెబితే దర్గాకు కూడా పోయొచ్చింది.

ఇద్దరూ దక్కారు. ఇద్దరూ ఆడపిల్లలే, నర్సు ఒక్కచేత్తో ఎత్తలేక ఆయాసపడేంత బరువు. విజయమ్మ ఏడ్చిన ఏడుపుకు వార్డంతా తడిసింది. బాలింతనూ పిల్లల్నీ జీపులో ఇంటికి తెచ్చుకున్నారు.

వచ్చిన మర్నాడు మిట్టమధ్యాహ్నం. స్వరూప స్నానానికి పోయింది. ఒక్క ఉయ్యాల తొట్టెలలో పిల్లలిద్దరూ ఏడుస్తున్నారు. విజయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

రెండు నోళ్లూ తెరిచే ఉన్నాయి. రెండు మొహాలూ కందిపోయి ఉన్నాయి. గొంతు ఒక్కటే వినబడుతోంది, ఒక తీగకు ఒకే కాయ అన్నట్టు.

పెద్దదాన్ని ఎత్తుకుంది. ఏడుపు దానితోపాటే భుజం మీదికొచ్చింది. తొట్టెలలో ఉన్నది నోరు తెరిచే ఉంది... చప్పుడు లేదు. దీన్ని దింపి దాన్ని ఎత్తుకుంది. ఇప్పుడు ఏడుపు దానిది. కింద ఇది నోరు తెరుచుకుని చూస్తోంది.

విజయమ్మ ఇద్దర్నీ ఒక్కసారే ఎత్తి గుండెకు హత్తుకుంది.

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

ఏడుపు ఖాళీ తొట్టెలలోంచి వస్తూనే ఉంది.